లప్పం

అయస్కాంతానికి జేబురుమాలు చుట్టి
వెనక చక్రం మీది వంపుకి ఆనించాను.
పట్టుకోలేదు.
జారి నా బూటు మీద పడింది.

"ఇక్కడ ఇనుము లేదమ్మా" అన్నాను.
జోలీన్ ప్రూయిట్ ఏమీ ఆశ్చర్యపోలేదు.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఆ నీలం బట్టల్లోనే వచ్చింది.
"మా తాత బండి. డెబ్భై నాటి ఓల్డ్స్‌మొబైల్.
ఇంజను నేను చూసుకుంటాను, ఒళ్ళు మీరు చూడండి."

ఆ ఇంటిపేరు వినగానే ఉలిక్కిపడాల్సింది.
ఈ వయసులో నాకు పేర్లు నిలవవు,
రేకులు నిలుస్తాయి.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
మస్కీగన్‌లో ఉప్పు తినేవి రోడ్లు.
సరస్సు మీంచి మంచు ఎగిరొచ్చినన్నాళ్ళూ
లారీలు చల్లుకుంటూ పోతాయి.
రోడ్లు తినగా మిగిలింది బండ్లు తింటాయి.
ఆనక ఉప్పే బండ్లను తింటుంది,
అడుగు నుంచి, చప్పుడు లేకుండా,
తలుపు కింది అంచు మొదలుకొని.

సాన పెట్టాను.
ఎరుపు లేచింది, దాని కింద ఇంకో ఎరుపు,
దాని కింద గులాబిరంగు లప్పం, రొట్టె మందాన.
పైన పటారం.
ఉలితో ఒక్క పోటు పొడిస్తే
పెళ్ళకు పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది,
వెనక కుక్కిన న్యూస్‌పేపరుతో సహా.

టీ రంగుకి తిరిగిన కాగితం.
1981, మార్చి.
ఫౌండ్రీలో ఉద్యోగాల కోత, బౌలింగు స్కోర్లు,
ఎవరిదో పియానో అమ్మకానికి.
పెళ్ళ అంచున, డిక్కీ లోంచి అదిమిన చోట,
బొటనవేలి ముద్ర.
ముద్రకి అడ్డంగా కత్తిగాటు.

షట్టరు దించాను.
గ్లవుజు తీసి, నా వేలు పెట్టి చూశాను.
గాటు మీద గాటు కూర్చుంది.

ఇరవై రెండేళ్ళప్పుడు. మూడు నెలల అద్దె బాకీ.
పళ్ళెమంత తూటులో పేపరు కుక్కి,
లప్పం మెత్తి, రుద్ది, రంగు కొట్టి
పదకొండు వందల డాలర్లకి అమ్మాను.
కొన్నాయన హర్షెల్ ప్రూయిట్.
ఫౌండ్రీ నుంచి నేరుగా వచ్చాడు,
గోళ్ళ సందుల్లో నల్ల ఇసుకతో.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు,
నాకు తక్కువ రాకూడదని.
బండి చుట్టూ తిరిగి, సరిగ్గా ఆ వంపు మీదే చెయ్యేసి,
"బాగా చూసుకున్నావు" అన్నాడు.
థాంక్స్ చెప్పాను.

తుప్పుని ఎంతదాకా కొయ్యాలి?
తెల్లటి ఇనుము కనబడేదాకా.
ఇక బండే మిగలదేమోనని భయమేసినా సరే.
కోశాను. బెత్తెడు అనుకున్నది జానెడైంది,
జానెడు మూరెడైంది.
కొత్త రేకుని సుత్తికీ దాగలికీ మధ్య
నచ్చజెప్పినట్టు వంచాను.
అతుకు మాత్రం వరసగా కుట్టకూడదు,
వేడికి రేకు మెలితిరుగుతుంది.
ఈ మూల ఒక చుక్క, ఆ మూల ఒక చుక్క,
చల్లారాక ఇంకొకటి.
తొందరేముంది,
నలభై మూడేళ్ళ ఆలస్యానికి మరో మూడు వారాలు.

ఆమె వచ్చిన రోజున
ఆ పెళ్ళని బల్ల మీద పెట్టాను.
మాటలు కూడబలుక్కునే లోపే
తిప్పి చూసింది. నా చేతి వంక చూసింది.
చేతులు చూడటం ఆమెకి అలవాటు.

"వాన పడితే డిక్కీలో నీళ్ళు" అంది.
"కాఫీ డబ్బాతో తోడుతూ తిట్టేవాడు.
మా ఇంట్లో ఏది కారినా,
కుళాయైనా, పైకప్పైనా,
అది వాండర్‌ప్లోగ్ పనే.
బోర్డు మీద మీ పేరు చూశాక
ఇంకో షాపుకి ఎందుకు పోతాను?"

నేను నేల చూపులు చూస్తున్నాను.
బల్ల మీది అయస్కాంతం ఆమే తీసింది.
రుమాలు చుట్టలేదు.
రంగు పడని బూడిదరంగు వంపు దగ్గరికి తెచ్చిందో లేదో
చేతిలోంచి గుంజుకుపోయి
టక్కున కరుచుకుంది.

ఊడబీకడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.
"బిల్లు ఎంత?" అంది.
చెప్పాను.
రెండుసార్లు లెక్కపెట్టింది.